చైనా కాగితం, పడమటి ప్రెస్సు: కలిసేది ఎక్కడ?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో అమూర్త ముద్రణ చిత్రాల మీద వచ్చిన వ్యాసం చదివాం. లోహపు పలకను (ప్లేటు) యాసిడ్‌తో తొలిచి అచ్చు తీసే ఎచింగుకీ, రాయి మీద జిడ్డు సిరాతో వేసి అచ్చు తీసే లిథోకీ తెలుగు పత్రికలో అర పేజీ దొరకడమే అరుదు, అందుకు సంతోషం. కానీ అందులో రెండు మాటలు అలాగే వదిలేస్తే చదివినవాళ్ళు పొరబడతారు. ప్రింటు అంటే పెయింటింగుకు నకలు అన్నట్టు రాశారు. అలాగే ఆ బొమ్మల్లో "చైనా, పాశ్చాత్య శైలులు కలిసిపోయాయి" అన్నారు. ఎక్కడ కలిశాయో చెప్పలేదు. నల్లటి కుంచె విసురు ఒకటి, మూలన ఎర్ర చదరపు ముద్ర ఒకటి కనబడితే చైనా అనుకోవడం తేలిక. ముద్ర కొట్టడానికి రెండు నిమిషాలు చాలు. అసలు కలయిక కాగితం నీళ్ళు తాగే తీరులో, సిరాలో ఉన్న నూనెలో, ప్రెస్సు ఇచ్చే ఒత్తిడిలో జరుగుతుంది. దాన్ని చూడాలంటే పని ఎలా నడుస్తుందో కొంచెం తెలియాలి. అందుకే ఈ ఉత్తరం పొడవైంది, మన్నించండి.

ముందు చైనా వైపు చూద్దాం. అక్కడి పాత చెక్క అచ్చులో సిరా నీటిది. కాగితం షువాన్: అన్‌హుయి రాష్ట్రంలోని జింగ్ ప్రాంతంలో ఒక జాతి చెట్టు బెరడు నారకు వరిగడ్డి కలిపి చేస్తారు. 17వ శతాబ్దపు నాన్‌జింగ్‌లో హూ జెంగ్‌యెన్ నడిపిన పది వెదుళ్ళ పనిశాల రంగుల అచ్చుకు పేరు మోసింది. అక్కడ ఒక్క బొమ్మకు ఒక్క అచ్చు కాదు, ఒక్కో రంగుకూ ఒక్కో ఛాయకూ విడివిడిగా చిన్న చెక్కలు చెక్కేవారు. ఆ పద్ధతిలో కాగితాల దొంతరను బల్ల అంచున బిగించేస్తారు. చెక్కను బల్ల మీద జిగురు ముద్దతో అంటిస్తారు. ఒక్కో కాగితాన్నీ చెక్క మీదికి తెచ్చి, తాటి జాతి నారతో చేసిన రుద్దుడు బిళ్ళతో వెనక నుంచి రుద్ది, బల్లల మధ్య సందులోకి జారవిడుస్తారు. కాగితాలన్నీ ఒకే బిగింపులో ఉంటాయి కాబట్టి రంగు మీద రంగు తప్పిపోదు. పెడనలో అద్దకం బల్ల చూసినవాళ్ళకు ఇందులో సగం తెలిసిన సంగతే. తేడా ఏమిటంటే పెడనలో అచ్చు కదులుతుంది, గుడ్డ కదలదు. చైనాలో అచ్చు కదలదు, కాగితం కదులుతుంది.

చైనాలోనే ఇంకో దారి రాతి శాసనాల మీద నుంచి తీసే ప్రతులది. తడిపిన పల్చటి కాగితాన్ని రాయి మీద పరిచి, కుచ్చుతో కొట్టి అక్షరాల గుంటల్లోకి దింపి, తడి కాస్త ఆరాక పైనుంచి సిరా మూటతో అద్దుతారు. సిరా తగిలేది రాయికి కాదు, కాగితం ముఖానికి. అందుకే అక్షరం తిరగబడదు. పడమటి ఎచింగులో ఇది పూర్తిగా తలకిందులు. సిరా ప్లేటు గుంటల్లో ఉంటుంది, కాగితం దాని మీద బోర్లా పడుతుంది, ప్రెస్సు దాన్ని గుంటల్లోకి నెట్టి సిరా పైకి లాగుతుంది, బొమ్మ అద్దంలో లాగా తిరగబడుతుంది. కుంచె విసురు కుడి నుంచి ఎడమకు పోవాలనుకున్న చిత్రకారుడు ప్లేటు మీద ఎడమ నుంచి కుడికి వేయాలి. చేతికి అలవాటైన ఊపు ఇక్కడే సగం చచ్చిపోతుంది. అమూర్త చిత్రంలో బొమ్మ తిరగబడితే ఏం పోయిందని అడుగుతారు కొందరు. పోయేది ఊపే.

ఈ రెండు దారులూ ఎదురుపడిన చోటు ప్యారిస్. చైనా చిత్రకారుడు జావో వూకీ హాంగ్‌జౌ నగరంలో చదివి, అక్కడే పాఠం చెప్పి, 1948లో ప్యారిస్ చేరాడు. 1949లో డెజోబేర్ లిథో పనిశాలలో రాయి మీద మొదటి బొమ్మలు వేశాడు. వాటిలో ఎనిమిదింటిని చూసి కవి ఆంరీ మిషో రాసిన కవితలు మరుసటి ఏడు వాటితో కలిసి అచ్చయ్యాయి. 1950ల మధ్య నుంచి జావో బొమ్మల్లో చెట్టూ చేపా మాయమై, పాత చైనా ఎముకల మీది లిపిని తలపించే గీతలు, ఆపైన అవీ కరిగి ఉత్త వెలుగూ మబ్బూ మిగిలాయి.

లిథో రాయి దీనికి బాగా ఒదగడానికి కారణం ఉంది. టూష్ అనే జిడ్డు సిరాను నీళ్ళలో కలిపి రాయి మీద పోస్తే, నీరు ఆరే కొద్దీ నలుసులు తమంతట తాము ముడతలు ముడతలుగా పేరుకుంటాయి. ఫ్రెంచివాళ్ళు దాన్ని కప్పతోలు అంటారు. నీటి సిరాతో షువాన్ మీద కడిగినప్పుడు వచ్చే మబ్బుకు దీనికంటే దగ్గరది లేదు. ఆ మబ్బును రాయి మీద నిలపడమే కష్టం. బంక, నైట్రిక్ యాసిడ్ కలిపిన ద్రావణం పూసేటప్పుడు ఘాటు పెరిగితే లేత ఛాయలు కాలిపోతాయి, తగ్గితే ముదురు ఛాయలు అచ్చు వేసే కొద్దీ పూడిపోయి నల్లముద్ద అవుతాయి. అందుకే లేత చోట ఉత్త బంకనీళ్ళు, ముదురు చోట యాసిడ్ చుక్కలు కలిపిన బంక, వేర్వేరుగా కుంచెతో పూస్తారు.

ఇక ఎచింగులో కుంచె విసురును దించే పద్ధతి షుగర్ లిఫ్ట్. మీ వ్యాసంలో ఉన్న బొమ్మల్లో కనీసం రెండు దీనితో చేసినవే అనిపించింది. మరిగిన నీళ్ళలో ఇక కరగనంత పంచదార కరిగించి, అంతే కొలత నల్ల పోస్టర్ రంగు, చిటికెడు తుమ్మబంక, రెండు మూడు చుక్కల సబ్బు నీళ్ళు కలపాలి. షెల్లాక్ (లక్క) ఉన్న ఇండియన్ ఇంకు ఆరాక నీటికి కరగదు, దాంతో గీత సరిగ్గా లేవకపోవచ్చు. ప్లేటును ముందు సుద్దపొడి, అమ్మోనియా నీళ్ళతో తోమాలి. నీళ్ళు పోస్తే పూసలు కట్టకుండా పొరలా నిలిస్తే జిడ్డు పోయినట్టు. కుంచెతో గీత వేసి, వేలికి కొంచెం అంటుకునే దాకా ఆరనిచ్చి, టర్పెంటైన్‌తో పల్చన చేసిన ఆస్ఫాల్టం (యాసిడ్‌ను అడ్డుకునే తారు లాంటిది) పూత ఒక్కటే పొరగా పోసి వంచేయాలి. పూత ఆరాక 40 డిగ్రీల పైచిలుకు గోరువెచ్చని నీళ్ళలో పది పదిహేను నిమిషాలు ఉంచితే పంచదార ఉబ్బి, పైనున్న పూతను పగలగొట్టుకుని లేస్తుంది. గీత ఉన్న మేర లోహం బయటపడుతుంది. పొడి కుంచె వదిలే తెల్ల చీలికల్ని చైనా చిత్రకారులు ఫెయ్‌బాయ్, అంటే ఎగిరే తెలుపు, అంటారు. సూదితో గీసిన ఎచింగులో అది రాదు. షుగర్ లిఫ్టులో వెంట్రుకతో సహా వస్తుంది.

మన ఊళ్ళో ఇది చెడేది ఎక్కువగా వాతావరణం వల్ల. జులై, ఆగస్టుల్లో పంచదార గాలిలోని తేమ లాక్కుని రోజంతా ఆరదు. తడి గీత మీద పూత పోస్తే రెండూ కలిసిపోయి అంచు చెదురుతుంది. మే నెలలో గంటలోనే బిరుసెక్కి పెళ్ళలు లేస్తుంది. అప్పుడు తుమ్మబంక కాస్త పెంచాలి. రాత్రి అలా వదిలేసి పోతే పొద్దున్నకు చీమలు గీతను తమకు నచ్చినట్టు దిద్ది ఉంటాయి, ఇది కూడా హైదరాబాద్ పాఠమే. పూత మందమైతే ఎంత నానినా లేవదు. వేడినీళ్ళు పోసి దూదితో బలంగా రుద్దడం మొదలుపెడతారు చాలామంది, దాంతో గీత పక్కనున్న పూతా లేచిపోతుంది. నానపెట్టే సమయం పెంచడమే దారి.

లోహం బయటపడింది కదా అని నేరుగా యాసిడ్‌లో వేస్తే ఇంకో పొరపాటు. వెడల్పాటి గీత లోపలంతా నున్నటి పళ్ళెంలా తినేస్తుంది. సిరా పట్టడానికి గరుకు ఉండదు, తుడిచినప్పుడు మధ్యలో సిరా అంతా పోతుంది, అంచులు మాత్రం నల్లగా నిలుస్తాయి. నిండు నలుపు కావాలనుకున్న గీత నడుమ బూడిదరంగు బొట్టులా అచ్చవుతుంది. అందుకే గీత లోపల సన్నని చుక్కల గరుకు పుట్టించే ఆక్వాటింట్ తప్పదు. పెట్టెలో రోజిన్ (చెట్టు నుంచి వచ్చే గట్టి జిగురు) పొడి లేపి, పెద్ద నలుసులు కింద పడడానికి అర నిమిషమో నిమిషమో ఆగి, ప్లేటు లోపల పెట్టాలి. నలుసులు లోహంలో సగానికి కాస్త పైగా కప్పితే చాలు. కింద నుంచి వేడి చేస్తే తెల్లటి పొడి పారదర్శకంగా మారిన క్షణం ఆపేయాలి. ఇంకొంచెం వేడి తగిలితే చుక్కలు కలిసిపోయి ఉత్త వార్నిష్ అవుతుంది. ఫ్యాన్ ఆపడం, ముక్కుకు మాస్కు, పెట్టె దగ్గర నిప్పు లేకపోవడం, ఈ మూడూ తప్పనిసరి. గాలిలో లేచిన రోజిన్ పొడికి నిప్పు తగిలితే పేలుతుంది.

యాసిడ్ విషయం క్లుప్తంగా చెబుతాం. రాగికి ఫెర్రిక్ క్లోరైడ్, జింకుకు పల్చటి నైట్రిక్. ఆక్వాటింట్‌కు నీళ్ళు పన్నెండు పాళ్ళకు యాసిడ్ ఒక పాలు మించనక్కర్లేదు. యాసిడ్‌ను నీళ్ళలో పోయాలి, నీళ్ళను యాసిడ్‌లో పోయకూడదు. నైట్రిక్‌లో ప్లేటు మీద బుడగలు కూర్చుంటాయి, ఈకతో తుడుస్తూ ఉండకపోతే బుడగ కింద తెల్ల మచ్చ మిగులుతుంది. పుస్తకాల్లో ఉండే సమయాలు 20 డిగ్రీల గదికి రాసినవి. ఇక్కడ వేసవిలో గది 38 దాటితే అవి సగానికి పడిపోయినా ఆశ్చర్యం లేదు. ప్రతి సీజన్‌లో ఒక చిన్న ముక్క మీద 15 సెకన్లు, 30, ఒక నిమిషం, రెండు, నాలుగు అంటూ రెట్టింపు చేస్తూ మెట్లు వేసి చూసుకోవాలి. వాడేసిన ఫెర్రిక్‌లో కరిగిన రాగి ఉంటుంది. చాకలి సోడాతో పేరబెట్టి మడ్డి వేరు చేయకుండా కాలువలో పోయడం మూసీకి చేసే ద్రోహం.

ఇప్పుడు కాగితం. ప్రశ్నకు నిజమైన జవాబు ఇక్కడ ఉంది. షీన్ కొల్లే అనే పద్ధతి పేరులోనే షీన్, అంటే చైనా, ఉంది. చైనా, జపాన్ నుంచి వచ్చిన పల్చటి కాగితం సన్నని గీతను మందపాటి యూరప్ కాగితం కంటే నిక్కచ్చిగా పట్టుకుంటుంది, కానీ ప్రెస్సు కింద ఒంటరిగా నిలవలేదు. కాబట్టి అచ్చు పడుతున్న క్షణంలోనే దాన్ని వెనక మందపాటి కాగితానికి అంటిస్తారు. పల్చటి కాగితం సిరా తాగుతుంది, మందపాటి కాగితం ఒత్తిడి మోస్తుంది. వెల్లవేసిన గోడ మీద పడిన ఎండలా వెలుగు ఆ పల్చటి పొరలోంచి వెనక్కి వెళ్ళి తిరిగి వస్తుంది. చైనా, పడమర కలిశాయని ఎవరైనా అంటే మేం వేలు పెట్టి చూపించేది ఈ రెండు కాగితాల మధ్య ఉన్న గంజి పొరనే.

దాని పని ఇలా. చదరపు మీటరుకు 250 నుంచి 300 గ్రాములు తూగే మందపాటి కాగితాన్ని అరగంట నుంచి గంట నానబెట్టి, బ్లాటింగు కాగితాల మధ్య అద్ది, పైన నీటి మెరుపు పోయేదాకా ఉంచాలి. పల్చటి కాగితాన్ని ముందు తడిపి, తర్వాత ప్లేటు కొలతకు కత్తిరించాలి. పొడిగా కత్తిరిస్తే తడి తగలగానే నార అడ్డంగా ఉబ్బి ప్లేటు అంచు దాటి బయటికి వస్తుంది. సిరా పూసి తుడిచిన ప్లేటు మీద పల్చటి కాగితానికి ఒకవైపు జిగురు పూసి, ఆ వైపు పైకి ఉండేలా పరచాలి, దాని మీద మందపాటి కాగితం, దాని మీద ఫెల్టులు (ప్రెస్సులో వాడే దళసరి ఉన్ని గుడ్డలు). జిగురు ఎక్కువైతే అంచుల్లోంచి కారి ఫెల్టుకు పట్టుకుంటుంది. తక్కువైతే ఆరాక బొబ్బలు లేస్తాయి. బయటికి వచ్చాక బ్లాటింగు కాగితాలు రోజూ మారుస్తూ, చెక్కల మధ్య బరువు కింద కనీసం మూడు నాలుగు రోజులు ఆరనివ్వాలి. తొందరపడి ఫ్యాను కింద పెడితే రెండు కాగితాలూ వేర్వేరుగా ముడుచుకుని ప్రింటు పడవలా వంగుతుంది.

జిగురు గోధుమ గంజితో చేయాలి, మైదాతో కాదు. ఒక పాలు గంజిపొడికి నాలుగైదు పాళ్ళ నీళ్ళు, సన్నని సెగ మీద ఇరవై నిమిషాలకు తగ్గకుండా కలుపుతూ ఉడికించి, వడగట్టి, చల్లారాక పల్చటి మజ్జిగలా చేసుకోవాలి. వాల్‌పోస్టర్ల మైదా ముద్దలో మైలుతుత్తం వేస్తారు, పురుగు పట్టకుండా. అందులోని రాగి కొన్నేళ్ళకు కాగితాన్ని గోధుమరంగులోకి తిప్పి పొడిచేస్తుంది. తెల్ల జిగురు సీసా ఊసే ఎత్తొద్దు. ఒకసారి అంటుకుంటే మళ్ళీ విప్పలేం.

షువాన్‌లోనూ రెండు రకాలున్నాయని మన విద్యార్థులకు తరచుగా తెలియదు. పచ్చి షువాన్ నీటిని స్పాంజిలా పీల్చి సిరాను పాకిస్తుంది, తడిపితే చేతిలోనే చిరుగుతుంది. పండిన షువాన్‌కు పటికా జిగురూ పట్టించి ఉంటుంది, తడికి తట్టుకుంటుంది, సిరా పాకదు. షీన్ కొల్లేకు పండినది చేతికి వీలు. అయితే పటికలోని ఆమ్లం ఏళ్ళ మీద కాగితాన్ని పెళుసు చేస్తుంది. దీర్ఘకాలం ఉండాల్సిన ఎడిషన్‌కు (ఒకే ప్లేటు నుంచి తీసే ప్రతుల వరసకు) పచ్చిదే తీసుకుని, నేరుగా ముంచకుండా తుంపర కొట్టి తడిపి, కింద పలుచని ప్లాస్టిక్ షీటు ఆసరాతో ఎత్తడం మేలని మా అభిప్రాయం. కష్టమే, కానీ రంగు లోతు వేరు.

మీ వ్యాసం చైనా నుంచి ఒక్కసారిగా ఫ్రాన్సుకు దూకింది. దారిలో మన చిత్తూరు జిల్లా ఉంది. నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివారు. నందలాల్ 1924లో రవీంద్రుడితో కలిసి చైనా వెళ్ళివచ్చినవారు. 1937లో శాంతినికేతన్‌లోనే చైనా చదువుల కేంద్రం చీనాభవన్ ఏర్పడింది. ఆపైన కృష్ణారెడ్డి లండన్ మీదుగా ప్యారిస్ వెళ్ళి, ముద్రణ చిత్రకారుడు హేటర్ 1927లో మొదలుపెట్టిన ఎటెలియే 17 అనే పనిశాలలో పనిచేశారు. తోటి చిత్రకారుడు కైకో మోతీతో కలిసి అక్కడ విస్కాసిటీ ముద్రణను (సిరాల చిక్కదనం తేడాతో ఒకే ప్లేటు మీద పలు రంగులు తెచ్చే పద్ధతిని) పట్టాలెక్కించారు. 1972లో పద్మశ్రీ వచ్చింది, 2018లో న్యూయార్క్‌లో కన్నుమూశారు. అదే పనిశాలకు 1960ల్లో తైవాన్ నుంచి లియావ్ షియూపింగ్ వచ్చాడు, తైపేలోని గుడి ద్వారాల ఆకారాల్ని జామెట్రీగా మార్చి ఎచింగులోకి తెచ్చాడు, వెనక్కి వెళ్ళి ఒక తరానికి ముద్రణ నేర్పాడు. అంటే తెలుగువాడూ, తైవానువాడూ ఒకే పనిశాలలో పనిచేశారు. విస్కాసిటీ చైనా నుంచి వచ్చిందని మేం అనం, అలా అనడానికి ఆధారం లేదు. కానీ తడి మీద తడి ఒకదాన్నొకటి నెట్టుకోవడం చూసి పెరిగిన కన్నుకు అది కొత్తగా అనిపించి ఉండదు.

విస్కాసిటీ సూత్రం చిన్నది. నూనె ఎక్కువున్న పల్చటి సిరా పొర మీద నూనె తక్కువున్న గట్టి సిరా నిలవదు. ప్లేటును రెండు మూడు లోతుల్లో తవ్వుతారు. ముందు గుంటల్లో గట్టి సిరా నింపి తుడుస్తారు. తర్వాత గట్టి రోలరుతో, అవిసె నూనె బాగా కలిపిన సిరాను ఎత్తైన చోట్ల మాత్రం పూస్తారు. చివర మెత్తటి రోలరుతో నూనె లేని సిరా నొక్కితే అది లోతుల్లోకి దిగుతుంది, ఎత్తు మీది నూనె దాన్ని తిప్పికొడుతుంది. ఒక్క ప్లేటు, ఒక్కసారి ప్రెస్సు, మూడు రంగులు. వరస తిప్పితే రెండూ కలిసి బురద. రోలరు ఒక్క చుట్టులో ప్లేటంతా కప్పాలి, లేకపోతే అతుకు గీత పడుతుంది. 30 సెంటీమీటర్ల ప్లేటుకు రోలరు అడ్డుకొలత 10 సెంటీమీటర్లు ఉంటే సరిపోతుంది. ప్లేటు మీద పెట్టేముందు గాజు పలక మీద రెండు సిరాల పట్టీలను అడ్డంగా దొర్లించి చూడాలి. పై పట్టీ కిందిదాన్ని దాటేచోట తెగిపోతే కుదిరినట్టు. మే నెల మధ్యాహ్నం గట్టి సిరా కూడా కరిగి నీరవుతుంది, తెగదు. మెగ్నీషియం కార్బొనేట్ కొద్దికొద్దిగా కలిపి బిగించడమో, తెల్లవారుజామున పని పెట్టుకోవడమో చేయాలి.

అందుకే ప్రింటును నకలు అనడం మాకు మింగుడుపడదు. నకలు కావాలంటే మూలం ఒకటి ఉండాలి. ఇక్కడ ప్లేటు మూలం కాదు, పనిముట్టు. మొదటి ప్రింటుకు ముందు బొమ్మ ఎక్కడా లేదు. పెయింటింగును ఫొటో తీసి ఇంక్‌జెట్‌లో దించి "లిమిటెడ్ ప్రింట్" అని అమ్మేవి వేరు, నగరంలో అవి కొనేవాళ్ళు తక్కువేం కాదు. పదిరెట్లు పెద్దది చేసే భూతద్దం పెట్టి చూస్తే ఇంక్‌జెట్‌లో రంగురంగుల చుక్కల తుంపర కనబడుతుంది. ఎచింగులో సిరా గీతగా ఉబ్బి ఉంటుంది, వేలు ఆనించకుండా పక్క వెలుతురులో చూస్తే చాలు. బొమ్మ చుట్టూ ప్లేటు నొక్కిన పల్లం ఉంటుంది. షీన్ కొల్లే అయితే ఆ పల్లం లోపల పల్చటి కాగితం అంచు కూడా కనబడుతుంది. కింద పెన్సిలుతో 5/25 అని ఉంటే పాతికలో అయిదోది.

సాలార్‌జంగ్ మ్యూజియంలో తూర్పు బ్లాకులో చైనా, జపాన్ వస్తువులు, పశ్చిమ బ్లాకులో యూరప్‌వి ఉన్నాయి. జనం గంట కొట్టే గడియారం, ముసుగు రెబెకా శిల్పం చూసి బయటికొస్తారు. రెండు బ్లాకులూ ఒకే పూటలో, మెల్లగా చూస్తే ఈ ఉత్తరంలో సగం అనవసరమయ్యేది.

ప్రింటు కొనుక్కున్నవాళ్ళ కోసం ఒక్కటే మాట. వానాకాలంలో చెమ్మెక్కే బయటిగోడకు వేలాడదీయొద్దు, లామినేషన్ చేయించొద్దు, ఫ్రేములో వెనక హార్డ్‌బోర్డు నేరుగా తగలకుండా ఆమ్లం లేని బోర్డు వేయించండి. అద్దానికీ కాగితానికీ మధ్య సందు ఉండాలి. లేకపోతే తేమకు సిరా అద్దానికి అంటుకుంటుంది, షీన్ కొల్లే పొర దానితో లేచివస్తుంది.

ఇక మీకు విన్నపం. బొమ్మ కింద పేరుతో పాటు మాధ్యమం రాయండి: "రాగి ప్లేటు మీద షుగర్ లిఫ్ట్, ఆక్వాటింట్, షువాన్ షీన్ కొల్లే, ప్లేటు కొలత, ఎడిషన్ సంఖ్య" అని ఒక్క వరస. మొన్న మీరు వేసిన మూడు బొమ్మల్నీ ప్లేటు పల్లం దగ్గరికి కత్తిరించేశారు. తెల్ల అంచూ, పెన్సిలు అంకెలూ, పల్చటి కాగితం ఆగిపోయిన గీతా అన్నీ అందులో పోయాయి. వచ్చేసారి అంచుతో సహా వేయండి.

ఇట్లు,
కొందరు ముద్రణ చిత్రకారులు,
హైదరాబాద్